తల్లిచేపకు తగిలిన రేడియేషన్ పిల్లకు ఎంత?

గార్లదిన్నె మండలంలో పెనకచర్ల డ్యాం గట్టున, పుట్టీలు ఆరబెట్టుకునే చోట కాసేపు కూర్చుంటే మాట చేపల ధర, దళారీ తూకం, కాలువకు నీళ్లు వదిలే రోజు దాటి తుమ్మలపల్లె మీదికి పోతుంది. "అన్నా, పులివెందుల కాడ యురేనియం తీస్తాండారు గదా, ఆ నీళ్లు మన చేపలకు తగుల్తాయా? తగిల్తే వాటి పిల్లలకు గూడా వస్తాదా?"

ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. మొదటిదానికి మ్యాపు చూస్తే చాలు. మిడ్ పెన్నారు జలాశయానికి వచ్చేది పెన్నా పైభాగంలో కురిసిన వాన, హోస్పేట నుంచి ఎగువ కాలువ మోసుకొచ్చే తుంగభద్ర నీళ్లు. ఇక్కడి నుంచి పెన్నా తాడిపత్రి మీదుగా గండికోట వైపు దిగిపోతుంది. కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె వైపు వాగులు పెన్నాలో కలిసేది మనకు చాలా దిగువన. ఆ గని గురించి భయపడాల్సినవాళ్లు ఉంటే అక్కడి బోరుబావుల మీద, వ్యర్థాల చెరువు పక్క పొలాల మీద బతికేవాళ్లు. వాళ్ల ఫిర్యాదులు వేరే వ్యాసం.

రెండో ప్రశ్న అంత తేలిగ్గా తేలేది కాదు. తల్లిదండ్రి చేపలకు రేడియేషన్ తగిలితే, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు, అంటే రేడియేషన్ ముఖం ఎన్నడూ చూడని పిల్లలకు, ఏమవుతుంది? దీని మీద డెబ్బై అయిదేళ్లకు పైగా పని జరిగింది. ఫలితాలు ఒకదానికొకటి ఎదురు తిరిగినట్టు కనిపిస్తాయి. ఒక చోట పిల్లలన్నీ చచ్చాయంటారు, ఇంకో చోట తల్లులు మామూలుకన్నా ఎక్కువ గుడ్లు పెట్టాయంటారు. నాకు అర్థమైనంతవరకు రెండూ నిజమే. మోతాదు ఎంత, అది ఏ దశలో తగిలింది, చనిపోయిన పిండాలను ఎవరైనా లెక్కపెట్టారా అన్న మూడు విషయాలు పక్కన పెట్టి చదివితేనే ఈ పరిశోధనలు గందరగోళంగా ఉంటాయి.

ముందు కొలత సంగతి. శరీరంలో కిలోకు ఒక జౌల్ శక్తి దిగితే దాన్ని ఒక గ్రే అంటారు. మనిషికి 4, 5 గ్రేలు ఒక్కసారిగా పడితే, వైద్యం అందకపోతే సగం మంది మిగలరు. పెద్ద చేపలు అంతకు కొన్ని రెట్లు తట్టుకుంటాయి. అదే అప్పుడే ఫలించిన గుడ్డుకైతే ఒక గ్రేలో సగం కూడా ప్రమాదమే. అనంతపురం నల్లరాతి నేల మీద మనకూ చేపకూ సహజంగా తగిలేది గంటకు ఒక మైక్రోగ్రేలో చిన్న భాగం. మైక్రోగ్రే అంటే గ్రేలో పది లక్షల వంతు. కింద చెప్పే ప్రతి అంకెనూ దీని పక్కన పెట్టి చూడాలి.

అసలు ఈ ప్రశ్న పుట్టింది అమెరికాలో, కొలంబియా నది ఒడ్డున. హాన్‌ఫర్డ్‌లో ప్లుటోనియం రియాక్టర్లు ఆ నది నీళ్లతో చల్లబడేవి. అదే నదిలోకి సాల్మన్ చేపలు సముద్రం నుంచి ఎదురీది వచ్చి గుడ్లు పెడతాయి. అణుబాంబు రహస్యం బయటపడకముందే వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో లారెన్ డొనాల్డ్‌సన్ బృందానికి చేపల మీద ఎక్స్‌రే ప్రభావం చూడమని పని అప్పగించారు. ఆ బృందంలోని రిచర్డ్ ఫోస్టర్ తదితరులు 1949లో ప్రచురించిన పత్రం సరిగ్గా మన ప్రశ్నే. గుడ్లకు సిద్ధంగా ఉన్న రెయిన్‌బో ట్రౌట్ తల్లిదండ్రులకు ఎక్స్‌రే పెట్టి, తర్వాత వాటి పిల్లలను పెంచి చూశారు. మోతాదు పెరిగేకొద్దీ చచ్చే పిండాలు, వంకర తిరిగిన పిల్లలు పెరిగాయి. రేడియేషన్ తగలని పిల్ల తల్లిదండ్రులకు తగిలిన దెబ్బకు చస్తుందని చేపల్లో స్పష్టంగా చూపిన తొలి పనుల్లో ఇదొకటి.

అదే డొనాల్డ్‌సన్ తర్వాత చినూక్ సాల్మన్ గుడ్లకు, పిల్లలకు రోజుకు సగం రాంట్జన్ (ఎక్స్‌రేల పాత కొలత) చొప్పున చిన్న మోతాదు ఇచ్చి సముద్రంలోకి వదిలాడు. ఏళ్ల తర్వాత గుడ్లు పెట్టడానికి తిరిగొచ్చినవాటిని లెక్కపెడితే రేడియేషన్ తగిలినవి తక్కువగా ఏమీ రాలేదు. పత్రికలు దీన్ని రేడియేషన్ మేలు చేస్తుందన్నట్టు రాసుకోవచ్చు గాని, అంత దూరం లాగక్కర్లేదు. ఆ మోతాదుకు, సముద్రంలో సాల్మన్ పిల్లకు రోజూ ఎదురయ్యే చావుల మధ్య, తేడా కనిపించలేదు. అంతే.

టెనెస్సీలో ఓక్‌రిడ్జ్ అణు ప్రయోగశాల వ్యర్థాలు చేరే వైట్ ఓక్ చెరువు కథ మనకు మరింత దగ్గర. అందులో ఉండేవి గంబూసియా చేపలు. మన మలేరియా విభాగంవాళ్లు దోమపిల్లలను తింటాయని బావుల్లో, కుంటల్లో వదిలే చేపలే అవి. తరాల తరబడి అడుగు బురదలోని రేడియోధార్మికతతో అవి బతికాయి. బ్లేలాక్ అనే శాస్త్రవేత్త 1969లో లెక్క రాసినప్పుడు వాటికి రోజుకు సుమారు 0.1 గ్రే తగులుతోంది. గంబూసియా గుడ్లు పెట్టదు, పిల్లలను కంటుంది. కాబట్టి తల్లి పొట్ట కోసి చూస్తే బతికిన పిండమెంత, చచ్చినదెంత అని అక్కడే లెక్కపెట్టవచ్చు. అలా చూస్తే ఆ చెరువు తల్లులు మామూలు చెరువు తల్లులకన్నా ఎక్కువ పిల్లలను మోస్తున్నాయి. చచ్చిన, వికారంగా మారిన పిండాలూ వాటిలోనే ఎక్కువ. బయట వల వేసి పట్టి చూసేవాడికి ఆ చెరువు నిండా చేపలే. పొట్టలో చూసినవాడికే నష్టం కనిపించింది. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించే పరిశోధన ఇదే, ఎందుకంటే మిగతా వాటి వైరుధ్యాలన్నీ ఇందులో కలిసిపోతాయి.

చెర్నోబిల్ దగ్గర చూసిన చేప కూడా మనకు తెలిసినదే. ఇక్కడి జాలర్లు వెండిచేప అనే సిల్వర్ కార్పు. నీటిలోని పచ్చటి నాచు రేణువులను వడగట్టుకు తినే ఈ చేపను 1959లో మన దేశానికి తెచ్చారు. బొచ్చె, శీలావతి, మోసులతో కలిపి చెరువుల్లో పెంచడం తర్వాత అలవాటైంది. సోవియట్ కాలంలో చెర్నోబిల్ రియాక్టర్లను చల్లార్చడానికి కట్టిన చెరువు సుమారు 22 చదరపు కిలోమీటర్లది. వేడినీళ్లు వచ్చి పడేవి కాబట్టి అక్కడ చేపల పెంపకమూ పెట్టారు. 1986 ఏప్రిల్ 26న రియాక్టరు పేలినప్పుడు ఆ పెంపకంలో ఒకటి, రెండేళ్ల వయసు వెండిచేపలున్నాయి. అవి చావలేదు. చెరువులోనే పెరిగి పెద్దయ్యాయి, మొత్తం మీద 9 నుంచి 11 గ్రేల దాకా మింగాయి. పరిశోధకులు వాటినే తల్లిదండ్రి చేపలుగా (బ్రూడర్లుగా) తీసుకుని గుడ్లు పెట్టించారు.

ఫలితం అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2006 నివేదికలో ఉంది. ఆడచేపలు మామూలు వాటికన్నా 40 శాతం ఎక్కువ గుడ్లు ఇచ్చాయి. గుడ్లలో 94 శాతం ఫలించాయి. పిండాల్లో 11 శాతం వికారంగా ఎదిగాయి. మగవాటిలో 8 శాతం గొడ్డుపోయాయి. పిల్లల శరీరం కుడి ఎడమల పోలికలో తేడా ఏమీ రాలేదు గాని, వాటి కణాల్లో క్రోమోజోముల దెబ్బ 22.7 శాతం దాకా కనిపించింది. మామూలు పిల్లల్లో అది 5 నుంచి 7 శాతం.

ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. మంచి ఏడాదిలో, మంచి హేచరీలో కూడా కొన్ని పిండాలు వికారంగా పుడతాయి, కాబట్టి 11 శాతం అన్నది ఒంటరిగా ఏమీ చెప్పదు. ఆడచేపల గుడ్లు పెరగడం రేడియేషన్ వల్ల అనుకోవడం కూడా తొందరపాటే. వేడినీటి చెరువులో మేత బాగుంటే, చేపల జాడ పలచబడితే మిగిలినవి బాగా ఎదుగుతాయి. ఆ చెరువులో రసాయనాల కాలుష్యమూ ఉందని నివేదికే ఒప్పుకుంటుంది. నేను నమ్మేవి మగచేపల వంధ్యత్వం, పిల్లల కణాల్లో క్రోమోజోముల దెబ్బ. ఈ రెండూ ఎక్స్‌రే ప్రయోగాల్లో ముందే కనిపించినవి, వేడినీళ్లు తేలేనివి. అదే చెరువులో మనిషంత వాలుగ చేపలు తిరుగుతాయని, రేడియేషన్‌తో రాక్షసులయ్యాయని వీడియోలు తిరుగుతుంటాయి. ఆ జాతి చేప ఎక్కడైనా అంతే పెరుగుతుంది, పట్టేవాడు లేకపోతే.

నష్టం ఎందుకు కంటికి కనిపించదో తెలియాలంటే ఏదైనా హేచరీలో ఒక రాత్రి నిలబడి చూడాలి. సాయంత్రం బ్రూడర్లకు సూదిమందు వేస్తారు. తెల్లవారుజాముకు గుండ్రటి సిమెంటు తొట్టిలో, తిరుగుతూ పారే నీళ్లలో లక్షల గుడ్లు. ఫలించిన గుడ్డు నీరు తాగి ఉబ్బి అద్దంలా ఉంటుంది, లోపలి చుక్క కనిపిస్తుంది. చచ్చిన గుడ్డు కొన్ని గంటల్లో తెల్లబడి సగ్గుబియ్యంలా మసకబారుతుంది. మన వేడిలో పద్నాలుగు, పద్దెనిమిది గంటల్లో పొదుగుతుంది. హేచరీ మనిషి బీకరులో కొన్ని గుడ్లు తీసుకుని తెల్లవి, అద్దాల్లాంటివి లెక్కపెట్టి ఫలన శాతం రాసుకుంటాడు, తర్వాత పొదిగిన శాతం. ఆడ కార్పు ఒంటి బరువు కిలోకు లక్షకు పైగా గుడ్లు ఇస్తుంది. అప్పుడే పొదిగిన స్పాన్ దశ నుంచి కాస్త ఎదిగిన ఫ్రై దశకు వచ్చేలోపే నర్సరీ చెరువులో సగానికి పైగా పోతాయి. తల్లిదండ్రుల బీజకణాల్లో దెబ్బతిని పదిలో ఒక పిండం అదనంగా చచ్చినా, తొట్టిలో అది ఇంకొన్ని తెల్లగుడ్లు మాత్రమే. మిగిలినవాటికి చోటు, మేత ఎక్కువ దొరుకుతాయి. చెరువుకు కొరత రాదు. పశువుల్లో, మనిషిలో ఈ సౌకర్యం లేదు. చేప జనాభా నిలకడగా ఉంది కాబట్టి బీజకణాలకు దెబ్బే లేదని వాదించేవాళ్లు ఈ తెల్లగుడ్లను లెక్కలో వేయడం లేదు.

జపాన్‌లో మెడకా అనే చిన్న చేప మీద షిమా, షిమాదాలు 1991లో అచ్చేసిన పని ఇదే చెప్పింది. రేడియేషన్ పెట్టిన మగచేపల నుంచి వచ్చిన పిండాల్లో కొన్ని నిర్ణీత జన్యువుల మార్పులను, గుడ్డు అద్దంలా ఉండే వీలును వాడుకుని, పొదగకముందే వెతికారు. మార్పు ఉన్న పిండాల్లో అత్యధికం పొదగకుండానే చచ్చాయి. పొదిగిన పిల్లలను మాత్రమే చూసి ఉంటే మార్పులు చాలా తక్కువని రాసేవారు.

ఇటీవలి కాలంలో అందరూ చెప్పుకునేది నార్వే పని. ఆస్ పట్టణంలోని జీవశాస్త్ర విశ్వవిద్యాలయంలో సెల్మా హురెమ్ బృందం 2017లో జీబ్రా చేపలను వాడింది. జీబ్రా చేప మన ఉపఖండం వాగుల్లో పుట్టిందే, ఇప్పుడు ప్రపంచమంతా ప్రయోగశాలల తొట్టెల్లో ఉంటోంది. బీజకణాలు తయారయ్యే 27 రోజులపాటు తల్లిదండ్రులకు కోబాల్ట్ గామా కిరణాలు పెట్టారు. ఒక గుంపుకు గంటకు 8.7 మిల్లీగ్రేలు (మిల్లీగ్రే అంటే గ్రేలో వెయ్యో వంతు), ఇంకోదానికి 53. ఎక్కువ మోతాదు గుంపు పెట్టిన గుడ్లు ఫలించాయి, విభజన మొదలైంది, ఫలించిన సుమారు ఎనిమిది గంటలకే అన్నీ చచ్చాయి. ఆ తల్లిదండ్రులు ఏడాది తర్వాత కూడా కోలుకోలేదు, గొడ్డుపోయాయి. తక్కువ మోతాదు గుంపు పిల్లలు చాలావరకు పొదిగాయి, వాటిలో వికారాలు పెరిగాయి, డీఎన్‌ఏ దెబ్బ కనిపించింది. ఏడాది తర్వాత అవే తల్లిదండ్రులతో మళ్లీ గుడ్లు పెట్టించినా పిల్లల్లో ఆ దెబ్బ జాడ పోలేదు.

అన్నీ ఒకే గడియలో ఎందుకు చచ్చాయి? గుడ్డు మొదటి కొన్ని గంటలు తల్లి దాచిపెట్టిన సరుకుతోనే నడుస్తుంది. కణాలు రెండు, నాలుగు, ఎనిమిది అవుతుంటాయి. పిండం సొంత జన్యువులు ఇంకా పని మొదలుపెట్టవు. పొరలు పొరలుగా శరీరం మడత పడే దశకు వచ్చేసరికి తల్లి సరుకు అయిపోతుంది, సొంత జన్యువులు పగ్గాలు పట్టాలి. అక్కడ క్రోమోజోములు తునకలై ఉంటే పిండం ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేదు. చావుకు ఇది చాలా చక్కగా సరిపోయే వివరణ. ఏ దశలో తగిలిందన్నది కూడా ఇక్కడే తేలుతుంది. ఎదిగిన వీర్యకణానికి తన డీఎన్‌ఏను తానే బాగుచేసుకునే శక్తి లేదు. మూలకణ దశలో తగిలితే చాలావాటికి అతుకుపడుతుంది, పడనివి చస్తాయి. మూలకణాలే పోతే ఆ మగచేప గొడ్డుపోతుంది. ఓక్‌రిడ్జ్, చెర్నోబిల్, నార్వే ఫలితాలు ఈ మూడింటి కలగలుపు.

ఇదే బృందంవాళ్లు 2018లో ఇంకో అడుగు వేశారు. డీఎన్‌ఏ అక్షరాలు మారకుండానే వాటికి అంటుకునే మీథైల్ గుర్తులు మనవల, మునిమనవల తరం దాకా కొన్ని చోట్ల మారి ఉన్నాయన్నారు. ఈ మాట వినగానే చాలామంది తరతరాల శాపం అని రాసేస్తారు. గుర్తులు మారాయన్నది కొలత. దానివల్ల మునిమనవడి ఒంట్లో ఏం నష్టం జరిగిందన్నది వేరే ప్రశ్న, దాన్ని ఆ కొలత తేల్చదు. అదీగాక గంటకు 8.7 మిల్లీగ్రేలంటే మన నల్లరాతి నేల సహజ మోతాదుకు పదివేల రెట్లకు పైమాటే. ప్రయోగం మంచిదే, దాన్ని మన చెరువు మీద పరిచేముందు ఈ అంకె గుర్తుంచుకోవాలి.

హేచరీ శాస్త్రం ఈ దెబ్బనే పనిముట్టుగా మార్చుకుంది. 1911లో ఆస్కార్ హెర్ట్‌విగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త కప్ప వీర్యానికి రేడియం కిరణాలు తగిలించి గుడ్లు ఫలింపజేశాడు. మోతాదు పెంచేకొద్దీ పిండాలు ఎక్కువ చచ్చాయి. ఇంకా పెంచితే ఆశ్చర్యంగా మళ్లీ బతకడం మొదలైంది! సగం విరిగిన తండ్రి క్రోమోజోములు పిండాన్ని తప్పుదారి పట్టిస్తాయి, పూర్తిగా నుగ్గయినవి అసలు జోక్యం చేసుకోవు, గుడ్డు తల్లి క్రోమోజోములతోనే నడుస్తుంది. చేపల్లో దీన్ని వాడుకునే పద్ధతికి గైనోజెనిసిస్ అని పేరు. మన దేశంలో జాన్, పి.వి.జి.కె. రెడ్డి, గుప్తా 1984లో శీలావతి, బొచ్చెలలో అతినీలలోహిత కిరణాలు పెట్టిన వీర్యంతో గుడ్లను ఉద్దీపింపజేసి, తండ్రి వాటా లేని పిల్లలను తీశారు. ఉష్ణోగ్రతతో ఒక షాక్ ఇచ్చి తల్లి క్రోమోజోములనే రెండింతలు చేస్తారు, అప్పుడే పిల్ల నిలబడుతుంది. తండ్రికి తగిలిన రేడియేషన్ పిల్లను ఎంత మార్చగలదో దీనికన్నా తెగింపుగా చూపిన పని నేను చదవలేదు.

కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రంవాళ్లు 2012లో బొచ్చె పిల్లలకు 5 గ్రేల గామా కిరణాలు పెట్టి ఎర్రరక్తకణాల్లో మైక్రోన్యూక్లియస్‌లు, అంటే విరిగిన క్రోమోజోముల తునకలు, లెక్కపెట్టారు. అది తగిలిన చేప ఒంటికి సంబంధించిన లెక్క, దాని సంతానానిది కాదు. మన చేపకు కొలమానం తయారైంది గనుక ప్రస్తావిస్తున్నా.

ప్రయోగశాల బయట, నిజమైన చెరువుల్లో ఇప్పుడు ఎలా ఉంది? బ్రిటన్ శాస్త్రవేత్తలు 2018లో బెలారూస్, ఉక్రెయిన్‌లలోని ఏడు చెరువుల పెర్చ్, రోచ్ చేపల మీద రాశారు. అత్యంత మలినమైన చోట గంటకు సుమారు 16 మైక్రోగ్రేలు. చేపలు మొత్తం మీద ఆరోగ్యంగానే ఉన్నాయి. ఒక్క తేడా, పెర్చ్ ఆడచేపల్లో కొన్నిటి అండాశయాలు ఎదగాల్సిన సమయానికి ఎదగలేదు. రోచ్‌లో అది లేదు. ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ ట్రౌట్ లాంటి చేపలకు రోజుకు 1 నుంచి 10 మిల్లీగ్రేల మధ్య ఆలోచించాల్సిన హద్దు అంటుంది. గంటకు 16 మైక్రోగ్రేలు ఆ హద్దు కిందిదే, రోజుకు 0.4 మిల్లీగ్రే. హద్దు కిందే ఒక జాతి గుడ్ల ఎదుగుదల ఆలస్యమైతే దాన్ని పట్టించుకోవాలి. అలాగని అన్నిటికీ రేడియేషన్‌నే కారణం చేయలేం, మేత, ఉష్ణోగ్రత, వేటచేపల సంఖ్య చెరువు చెరువుకు మారతాయి.

మనుషుల సంగతి అడిగేవాళ్లుంటారు. హిరోషిమా, నాగసాకి బాధితులకు తర్వాత పుట్టిన పిల్లలను జేమ్స్ నీల్, విలియం షుల్ మొదలుకొని దశాబ్దాలపాటు చూశారు. వారసత్వంగా వచ్చిన నష్టం తేలలేదు. 2021లో చెర్నోబిల్ కార్మికుల, నిర్వాసితుల పిల్లల జన్యుపటాలు చదివినప్పుడూ కొత్త మార్పులు మామూలుకన్నా ఎక్కువ రాలేదు. చేపలో గుడ్ల లక్షల మధ్య కనిపించిన తేడాను మనిషి కుటుంబంలో, ఇద్దరు ముగ్గురు పిల్లల మధ్య వెతకడం కష్టం కూడా.

ఇప్పుడు మళ్లీ మన నీళ్లకు వద్దాం. అనంతపురంలో యురేనియం సమస్య గని వల్ల కాదు, రాయి వల్ల, లోతుకు పోయే బోర్ల వల్ల. నల్లరాయి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీటిలో ఫ్లోరైడు కరిగినట్టే యురేనియమూ కరుగుతుంది. తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 30 మైక్రోగ్రాములు. ఫ్రెంచి శాస్త్రవేత్తలు 2014లో జీబ్రా చేపలను లీటరుకు 20, 250 మైక్రోగ్రాముల నీటిలో రెండు వారాలు ఉంచి గుడ్లు పెట్టించారు. 250 దగ్గర గుడ్లు తగ్గాయి, యురేనియం తల్లి నుంచి గుడ్లలోకి చేరింది, పిల్లలు ఎక్కువ చచ్చాయి. అందులో వాడింది రేడియోధార్మికత తక్కువగా ఉండే రకం. చంపింది కిరణం కాదు, లోహపు విషం. మన నీళ్లకు ఇదే ఎక్కువ వర్తిస్తుంది. అయితే మనవి బైకార్బనేట్లు నిండిన గట్టినీళ్లు. ఆ బైకార్బనేట్లే యురేనియాన్ని రాయి నుంచి లాగి కరిగించి ఉంచుతాయి, అవే దాన్ని పట్టుకుని చేప మొప్పల్లోకి సులభంగా పోనివ్వవు కూడా. కాబట్టి ఫ్రాన్స్ తొట్టెల అంకెను నేరుగా తెచ్చి ఇక్కడ అంటించకూడదు.

ఇంకో సంగతి డ్యాం గట్టు మీద అడిగేవాళ్లకు తట్టదు. జలాశయంలో వదిలే బొచ్చె, శీలావతి, వెండిచేప పిల్లలు ఆక్సిజన్ పట్టిన ప్లాస్టిక్ సంచుల్లో హేచరీల నుంచి వస్తాయి. నిలవనీటిలో ఇవి మామూలుగా గుడ్లు పెట్టవు. వాటి తల్లిదండ్రులు ఈ నీళ్లు చూడనే లేదు. ఈ నీటి దెబ్బ తల్లి నుంచి పిల్లకు పోయే అవకాశం ఉన్నది ఇక్కడే పుట్టి ఇక్కడే పిల్లలు పెట్టే వాటికి: బంగారుతీగ, మార్పు, కొర్రమీను, పరిగెలు, ఎవరూ వదలకుండానే చెరువంతా పాకిన జిలేబి. వీటిలో చూడాల్సింది జిలేబినే. ఆడచేప ఫలించిన గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది, గంబూసియాకు పొట్ట కోసినట్టు దీనికి నోరు తెరిస్తే చాలు, బతికినవీ తెల్లబడినవీ అక్కడే లెక్క తేలుతుంది. మే నెలలో, నీళ్లు అడుక్కి దిగి ఉప్పు చిక్కబడినప్పుడు, మిడ్ పెన్నారులో ఒకసారి, బోరునీళ్లతో నిండే ఊరికుంటలో ఒకసారి, ఎగువ కాలువ కొత్తనీళ్లు వచ్చాక ఇంకోసారి ఆ లెక్క తీయాలి. పక్కనే ఆ రోజు నీటి యురేనియం, ఫ్లోరైడు, బైకార్బనేట్ అంకెలు రాసుకోవాలి. ఏ కాలేజీ జంతుశాస్త్ర విభాగమైనా చేయగలిగిన పనే, యురేనియం కొలతకు మాత్రం నమూనా సీసాలు బయటి ల్యాబుకు పంపాలి.